ప్రసూతి ఐసీయూలో డ్యూటీ చార్ట్: అపోహలు - వాస్తవాలు

మా ప్రసూతి ఐసీయూలో డ్యూటీ చార్ట్ వేసేది నేనే. కాగితం మీద హోదా ఏదైనా వార్డులో అందరికీ ఇన్‌ఛార్జి సిస్టర్‌నే. ఎం, ఏ, ఎన్, ఓ. మార్నింగ్, ఆఫ్టర్‌నూన్, నైట్, ఆఫ్. ఈ నాలుగక్షరాలతో గళ్లు నింపడమే కదా అనుకుంటారు చాలామంది, కొత్తగా ఇన్‌ఛార్జి అయిన మా సిస్టర్లు కూడా. ఏ గడిలో ఎవరి పేరు పడిందన్నదాన్ని బట్టి పచ్చి బాలింత ప్రాణం నిలబడడం చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: కాన్పు అయిపోయింది, గండం గడిచింది. రాత్రికి ఒక సిస్టర్ తగ్గినా పర్వాలేదు.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి అసలు గండం కాన్పు తర్వాతే. బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారు, కాన్పయ్యాక కూడా రావచ్చు, ముఖ్యంగా మొదటి 48 గంటల్లో. అందుకే ఫిట్స్ రాకుండా ఇచ్చే మందు మ్యాగ్‌సల్ఫ్‌ను (మెగ్నీషియం సల్ఫేట్) కాన్పు తర్వాత గానీ చివరి ఫిట్ తర్వాత గానీ, ఏది ఆలస్యమైతే దాని నుంచి 24 గంటలు కొనసాగిస్తాం. గుండె కవాటం సన్నబడిన అమ్మాయికి కాన్పు కాగానే గర్భసంచి ముడుచుకుని, అందులోని రక్తం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరే భయం అప్పుడే ఎక్కువ. సాయంత్రం ఆపరేషన్ అయిన మనిషికి ఈ గంటలన్నీ నైట్ డ్యూటీలోనే పడతాయి. మామూలు వార్డుల్లో లాగా రాత్రిపూట మనుషుల్ని తగ్గించే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

"మానిటర్ ఉంది కదా సిస్టర్" అంటారు. ప్యాడ్ తడిసిందో లేదో మానిటర్‌కు తెలియదు. రక్తం పోతున్నా వయసులో ఉన్న ఆడపిల్ల శరీరం చాలాసేపు తట్టుకుంటుంది. ముందు నాడి పెరుగుతుంది, బీపీ పడేది ఆఖర్న. ప్యాడ్ పైకి పొడిగా కనిపించినా నడుం కింద చెయ్యి పెట్టి చూస్తే దుప్పటి తడిగా తగలొచ్చు. కాన్పయిన మొదటి రెండు గంటల్లో ప్రతి 15 నిమిషాలకు గర్భసంచి గట్టిగా ఉందా, రక్తం ఎంత పోతోంది అని చూడాలి. ఇద్దరు పచ్చి బాలింతలు ఒకేసారి ఉంటే ఒక సిస్టర్‌కు అదే సరిపోతుంది.

అపోహ: ఆరు బెడ్లకు షిఫ్టుకు ముగ్గురు. మూడు మూళ్లు తొమ్మిది.

పై నుంచి వచ్చే లెక్క చాలాసార్లు ఇదే. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు ఒకరికి ఒకరు, మిగతావాళ్లకు ఇద్దరికి ఒకరు అనుకుందాం. వెంటిలేటర్ కేసు ఒక్కటీ లేకపోయినా ముగ్గురు కావాలి. ఆ ముగ్గురూ 24 గంటలు, ఏడు రోజులు ఉండాలంటే వారానికి 504 గంటల పని. ఒక్కొక్కరికి 48 గంటలు వేస్తే పదిన్నర మంది. ఎవరికీ జ్వరం రాకుండా, ఎవరూ సీఎల్ పెట్టకుండా, ఎవరి ఇంట్లోనూ పెళ్లి లేకుండా ఉంటే ఇది. సెలవులకు 30 శాతం కలిపితే 14 మంది అవుతారు. మన వాళ్లంతా కాన్పుల వయసు ఆడపిల్లలే, 26 వారాల ప్రసూతి సెలవు వాళ్ల హక్కు. బాలింతల్ని కాపాడే చోట, సెలవడిగిన గర్భిణి సిస్టర్‌ని విసుక్కోవడం నాకు అసలు నచ్చదు. ఆ లోటును నెలల ముందే రాతపూర్వకంగా అడగాల్సింది ఇన్‌ఛార్జే.

అపోహ: ఓవర్ ఇవ్వడమంటే పుస్తకం చదివి సంతకం పెట్టడం.

ఓవర్ అంటే షిఫ్టు దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు పేషెంట్లను అప్పగించడం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో, రాత్రి ఎనిమిదింటికి ఓవర్ తీసుకుంటున్నాం. సిజేరియన్ అయి ఒక్కరోజు కాలేదు, మ్యాగ్‌సల్ఫ్ నడుస్తోంది. పుస్తకంలో "యూరిన్ బాగుంది" అని ఉంది. తర్వాతి డోసు సిరంజిలో ఎక్కించి ట్రేలో పెట్టి ఉంది. నాతో ఉన్న సిస్టర్ అలవాటు కొద్దీ మంచం దగ్గరికి వెళ్లి, వంగి యూరోబ్యాగ్, అంటే మూత్రం చేరే సంచి, ఎత్తి చూసింది. నాలుగు గంటలకు 60 మి.లీ. మోకాలి మీద తట్టింది, కాలు కదల్లేదు. ఆ అమ్మాయి మగతగా ఉంది. అలసిపోయి నిద్రపోతోందనుకున్నాం. కాదు, మందు ఒంట్లో పేరుకుంటోంది. నాలుగు గంటలకు కనీసం 100 మి.లీ. మూత్రం, నిమిషానికి 16 శ్వాసలు, మోకాలి కుదుపు, ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా డోసు ఆపాలి. ఆపాం, డాక్టరుగారిని పిలిచాం, దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ పడింది. తెల్లారేసరికి కాలు కదిలింది. పాప కోసం అడిగింది.

ఆ రోజు నుంచి నా చార్ట్‌లో షిఫ్టులు ఒకదాని మీద ఒకటి అరగంట కలుస్తాయి. ఓవర్ స్టేషన్ దగ్గర కాదు, మంచం పక్కన. ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు ఇద్దరూ కలిసి ప్యాడ్, బ్యాగ్, పంపులో రేటు, కుట్టు కళ్లతో చూడాలి. "బాగుంది" అని రాయడానికి వీల్లేదు, అంకె రాయాలి. బిడ్డ ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బు చేసిన పసికందుల వార్డు) ఉంటే పాలు పిండి పంపారా అన్నది కూడా ఓవర్‌లో చెప్పాలి. ఆ హడావుడిలో అందరూ మర్చిపోయేది అదే. రొమ్ములు గడ్డకట్టి తల్లికి జ్వరం వచ్చేదాకా ఎవరికీ గుర్తురాదు.

అపోహ: వరుసగా నైట్లు చేస్తే ఒంటికి అలవాటైపోతుంది.

కాదు. పగటి నిద్ర రాత్రి నిద్ర కాదు, మన ఇళ్లల్లో అయితే అసలే కాదు. మార్నింగ్ తర్వాత ఆఫ్టర్‌నూన్, ఆ తర్వాత నైట్, ఈ వరుసలో తిరిగితే కొంత నయం. నైట్ దిగినవాళ్లకు ఆ ఉదయాన్నే మీటింగ్, ట్రైనింగ్ పెట్టకూడదు. తెల్లవారుజాము మూడు నుంచి ఐదు మధ్య బుర్ర మందగిస్తుంది. ఆ టైములో మందు కలిపితే ఇద్దరు చూడాలి. ఒకరు మంచాల దగ్గర మెలకువగా నిలబడి ఉండగా, ఇంకొకరు వంతులవారీగా 20 నిమిషాలు కళ్లు మూసుకుంటే దాన్ని నేను నిర్లక్ష్యం అనను. చార్ట్‌లోనే రాస్తాను.

పండగల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, చార్ట్ మీద నమ్మకం పోయేది అక్కడే. పెళ్లికాని పిల్లలు కదా, వాళ్లకే వేద్దాం అనడం అన్యాయం. మా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది: సంక్రాంతికి ఎవరు చేశారు, క్రిస్మస్‌కి ఎవరు, రంజాన్‌కి ఎవరు. ఎవరైనా తీసి చూసుకోవచ్చు.

అపోహ: సీనియర్లు పగలుండాలి, రాత్రికి పిల్లలు చాలు.

పగలు డాక్టర్లు, పీజీలు, హెచ్ఓడీ అందరూ ఉంటారు. రాత్రి రెండింటికి ఫిట్స్‌తో ఒక గర్భిణి స్ట్రెచర్ మీద వస్తే, పక్కకు తిప్పి పట్టుకునేది ఒకరు, 50 శాతం మ్యాగ్‌సల్ఫ్ ఆంపుల్స్ నాలుగు విరిచి, ఆ 8 మి.లీ.కి 12 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి 20 మి.లీ. చేసేది ఇంకొకరు. కొత్తపిల్లకు ఆ లెక్క పుస్తకంలో తెలుసు, వణికే చేతిలో తెలియదు. అందుకే మ్యూచువల్ పెట్టుకుంటాం సిస్టర్ అని, అంటే డ్యూటీలు ఒకరికొకరు మార్చుకుంటామని, ఎవరు వచ్చినా నేను ఒక్కటే అడుగుతాను: నువ్వు వెళ్లిపోతే, ఆ రాత్రి ఆ డోసు ఇదివరకు తన చేత్తో కలిపినవాళ్లు ఎవరు ఉంటారు? పేరు చెబితేనే సంతకం పెడతాను.