పాత కారు ఇంజన్ వేడెక్కడం: అపోహలు, వాస్తవాలు

బండి వేడెక్కిందనగానే అందరూ "ఏ పార్టు పోయింది?" అంటారు. ముందు తేల్చాల్సింది అది ఎప్పుడు వేడెక్కిందన్నది. సిగ్నల్ దగ్గర నిలబడితే డ్యాష్‌బోర్డు మీది వేడి చూపే ముల్లు పైకి పోయి, బండి కదలగానే దిగుతోందంటే గాలి సరిపోవడం లేదు: ఫ్యాన్, ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గూడు, ఇంజన్ నీళ్లను చల్లార్చే రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్ చూడాలి. ఊళ్లో బాగానే ఉండి హైవే మీదో ఎత్తు మీదో ఎక్కుతోందంటే నీళ్ల ప్రవాహం చాలడం లేదు: రేడియేటర్ గొట్టాలు పూడిపోయాయా, వాటర్ పంపు రెక్కలు తుప్పు తిన్నాయా, అడుగు హోస్ పైపు నొక్కుకుపోతోందా అని వెతకాలి. ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లే కింది అపోహలన్నీ బతుకుతున్నాయి.

అపోహ: థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ చల్లగా నడుస్తుంది.

అన్నిటికంటే మొండి అపోహ ఇదే. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కు నీళ్లు పోనివ్వని వాల్వు. చాలా కార్లలో అది 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. అక్కణ్ణించి ఇంకో 10–15 డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. అలా తెరుచుకున్నాక అది రేడియేటర్‌కు పెద్ద అడ్డేమీ కాదు. తీసేస్తే ఇంజన్ ఆలస్యంగా వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోక మడ్డి కడుతుంది.

కొన్ని ఇంజన్లలో కథ ఇంకా తిరగబడుతుంది. థర్మోస్టాట్ అడుగున రెండో బిళ్ల ఒకటి ఉంటుంది. రేడియేటర్ దారి తెరుచుకుంటుంటే ఆ బిళ్ల బైపాస్ దారిని, అంటే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్లోనే తిరిగే దారిని, మూస్తుంది. థర్మోస్టాట్ పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజన్లోకి పోతుంది. చల్లబడాలని తీస్తే వేడెక్కేది ఇలాగే. దీనికి కొందరు "నీళ్లు మరీ వేగంగా పోతున్నాయి, చల్లబడే సమయం దొరకడం లేదు" అని కారణం చెబుతారు. అదీ తప్పే. ప్రవాహం పెరిగితే రేడియేటర్ వదిలే వేడి పెరుగుతుందే తప్ప తగ్గదు.

అనుమానముంటే థర్మోస్టాట్ విప్పి పరీక్షించడం తేలిక. గిన్నెడు నీళ్లలో అడుక్కి తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పెట్టి, నీళ్లు వేడి చేయండి. దాని మీద చెక్కిన అంకెకు రెండు మూడు డిగ్రీల అటూ ఇటూగా కదలిక మొదలవ్వాలి. నీళ్లు మరుగుతున్నా సగమే తెరుచుకుంటే పారేయండి. కొత్తది బిగించేటప్పుడు, అంచున చిన్న ఆడే పిన్ను ఉంటే అది పైవైపు ఉండాలి. గాలి బయటికి పోయేది దాని గుండానే.

అపోహ: ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఫ్యాన్ బాగానే ఉంది.

తిరగడం వేరు, గాలి లాగడం వేరు. మోటార్ మార్చినప్పుడు రెండు వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరిగి, ఎదురొచ్చే గాలినే తోస్తుంది. ముందు జాలీకి ఒక కాగితం ఆనిస్తే తెలిసిపోతుంది: అతుక్కుంటే గాలి లాగుతోంది, ఎగిరిపోతే తోస్తోంది. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో బురద, పురుగులు పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ అసలు తిరగకపోతే, రేడియేటర్‌కు బిగించిన రెండు వైర్ల స్విచ్ కనెక్టర్ ఊడదీసి ఆ రెండు కొనలూ కలపండి. చేతులు రెక్కలకు దూరంగా ఉండాలి. అప్పుడు తిరిగితే మోటారూ ఫ్యూజూ ఫ్యాన్‌కు కరెంటు కలిపే రిలే బాగున్నట్టే, పోయింది స్విచ్చే.

అపోహ: కూలెంట్ ఎంత చిక్కగా పోస్తే అంత మంచిది.

వేడిని మోసుకుపోవడంలో నీళ్లను మించింది లేదు. కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు తీసుకుంటాయి, గాఢ కూలెంట్‌లో ప్రధానంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ సుమారు 2.4 మాత్రమే. గ్లైకాల్ పని మరుగు స్థానం పెంచడం, గడ్డకట్టకుండా చూడడం. దాంతో వచ్చే రసాయనాలది తుప్పును ఆపే పని. సగం గాఢ కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే చాలా బండ్లకు సరిపోతుంది. డబ్బా మీద ముందే కలిపినదని ఉంటే ఇంక నీళ్లు కలపొద్దు. రంగు చూసి రకం తేల్చొద్దు, రంగుకు ప్రమాణమంటూ లేదు. ఇక బోరు నీళ్లు పోసి నడిపితే లోపల సున్నం పొర కడుతుంది. అదే తర్వాత "రేడియేటర్ జామ్" అవుతుంది.

అపోహ: రేడియేటర్ మూత ఒట్టి మూతే.

అదొక వాల్వు. 0.9 బార్ మూత సరిగా పట్టి ఉంటే లోపలి మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. దాని రబ్బరు వాషర్ గట్టిపడి ఒత్తిడి వదిలేస్తే 100 దగ్గరే మరిగి బయటికి తన్నేస్తాయి. ఇంజన్ చల్లారాక పై హోస్ పైపు నొక్కుకుపోయి కనిపిస్తే మూతలోని రెండో చిన్న వాల్వు పనిచేయడం లేదు, పొంగిన కూలెంట్ చేరే డబ్బాలోంచి అది వెనక్కి రావడం లేదు. కంపెనీ చెప్పిన ఒత్తిడి మూతే వేయండి. ఎక్కువది వేస్తే పాత హోసులూ హీటర్ గొట్టాలూ తట్టుకోవు.

అపోహ: ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే.

ఇంజన్ అడుగు భాగానికీ మూతలాంటి హెడ్‌కూ మధ్య ఉండి నీళ్లు, ఆయిల్, మండిన వాయువు కలవకుండా ఆపే పొర హెడ్ గ్యాస్కెట్. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో తేమ వల్ల కూడా అలా పేరుకుంటుంది. ఆయిల్ స్థాయి చూసే డిప్‌స్టిక్ మీద కూడా ఆయిల్ పాలలా ఉంటే అప్పుడు కంగారు పడండి. నమ్మదగ్గ గుర్తులు వేరే ఉన్నాయి. చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. మూత పెట్టి స్టార్ట్ చేస్తే నీళ్లింకా వేడెక్కకముందే పై హోస్ గట్టిపడుతుంది. ఎక్కడా లీకు కనిపించకుండా కూలెంట్ తగ్గుతుంది. ఒక్క స్పార్క్ ప్లగ్ మాత్రం కడిగినట్టు ఉంటుంది. ఖాయం చేసుకోవాలంటే నీలం ద్రవంతో చేసే పరీక్ష ఉంది: రేడియేటర్ నోటి దగ్గరి గాలిని దాని గుండా లాగితే, పెట్రోల్ ఇంజన్లో మండిన వాయువు తగిలి అది పసుపుగా మారుతుంది.

హెడ్ విప్పాక గ్యాస్కెట్ ఒక్కటే మార్చి బిగించేయడం వృథా ఖర్చు. హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపులేని పట్టీ) ఆనించి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకులతో) వంపు చూడాలి. 0.05–0.1 మిల్లీమీటర్ దాటితే చాలా అల్యూమినియం హెడ్లకు ఫేసింగ్ (ముఖం చదును చేయించడం) తప్పదు. మీ ఇంజన్‌కు ఎంత పరిమితో మాన్యువల్‌లో ఉంటుంది.

అపోహ: ముల్లు మధ్యలో ఉంటే భయం లేదు.

సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నంతవరకే అది నిజం చెబుతుంది. కూలెంట్ అంతా పోయి సెన్సర్ గాలిలో మిగిలితే, ఇంజన్ కాలిపోతున్నా ముల్లు కిందికి దిగొచ్చు. ఎరుపు దాకా పోయిన ముల్లు హఠాత్తుగా పడిపోయిందంటే సంతోషపడకండి, బండి ఆపండి.

అపోహ: ఆవిరి వస్తే వెంటనే మూత తీసి చన్నీళ్లు పోయాలి.

మూత తీస్తే ఒత్తిడిలో ఉన్న నీళ్లు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. కాలుతున్న హెడ్‌లో చన్నీళ్లు పడితే పగుళ్లొస్తాయి. ఇంజన్ ఆపి, పై హోస్ చేత్తో పట్టుకునేంత చల్లారి మెత్తబడేదాకా ఆగండి. అరగంటకు తక్కువ పట్టదు. ఆవిరి రాకుండా ముల్లు మాత్రమే ఎక్కుతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, బ్లోయర్ పెంచండి. కారులో కూర్చోలేరు గానీ, దగ్గర్లో ఆపుకునే చోటుదాకా ఇంజన్‌కు ఊరట దొరుకుతుంది.

అపోహ: లీకు ఆపే పొడి వేస్తే సరిపోతుంది.

చిల్లు మూసే పొడికి చిల్లేదో సన్నటి గొట్టమేదో తెలియదు. హీటర్ కోర్ (కారు లోపలికి వేడినిచ్చే చిన్న రేడియేటర్) ముందు పూడిపోతుంది.

అపోహ: కూలెంట్ నిండుగా పోస్తే పని అయిపోయింది.

పోసింది నిలిచిందా, గాలి మిగిలిందా అన్నది తర్వాత సంగతి. బండి ముక్కు కాస్త ఎత్తులో ఉండేలా నిలబెట్టి, హీటర్ తెరిచి, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, మెల్లగా పోయండి. స్క్రూ దగ్గర బుడగలు లేని ధార వచ్చాక బిగించండి. మూత తీసే ఉంచి ఇంజన్ నడపండి, స్థాయి దిగినప్పుడల్లా పోస్తూ ఉండండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే అడుగు హోస్ వేడెక్కుతుంది, స్థాయి ఒక్కసారి దిగుతుంది. అప్పుడు నింపి మూత బిగించి, ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా చూడండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద డబ్బాలో గీత మళ్లీ చూసి, తగ్గినంత పోయండి.