ఎనిమిది గేర్ల వణుకు: కోర్టుకెక్కిన ఆయిల్ కథ

జనరల్ మోటార్స్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వణుకుతోందంటూ బళ్లు కొన్నవాళ్లు వేసిన కేసులో అమెరికా ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఫుల్ బెంచి 2025 జూన్ 27న క్లాస్ సర్టిఫికేషన్‌ను (కొన్నవాళ్లంతా ఒకే కేసుగా పోరాడే అనుమతిని) రద్దు చేసింది. 26 రాష్ట్రాలు, దాదాపు 8 లక్షల బళ్లు ఉన్న వ్యవహారం ఇది. దీంతో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలా వద్దా అన్న తగువు మళ్లీ రాజుకుంది.

కోర్టు తీర్పు కన్నా ఈ తగువును తేల్చే కాగితం ఇంకొకటుంది: 2019లో కంపెనీ డీలర్లకు పంపిన 18-ఎన్ఏ-355 అనే మరమ్మతు సూచనల బులెటిన్. 2015-19 సిల్వరాడో, సియెర్రా, కొలరాడో లాంటి బళ్లలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి నిలకడగా వెళ్తుంటే, రంబుల్ స్ట్రిప్‌ల (రోడ్డు అంచున వేసే గరుకు గాళ్ల) మీద పోతున్నట్టు వణుకు వచ్చేది. ఫ్యాక్టరీలో పోసిన ఆయిల్ తేమను పీల్చుకోవడమే కారణం. ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ లోపలి క్లచ్ పూర్తిగా పట్టుకోకుండా కావాలనే కాస్త జారుతూ పనిచేస్తుంది. ఆయిల్‌లో నీరు చేరితే ఆ జారుడు సాఫీగా ఉండదు, పట్టీ వదిలీ పట్టీ వదిలీ అదురుతుంది. అంతకుముందు బులెటిన్లూ ఆయిల్ మార్చమనే చెప్పాయి, వణుకు తిరిగొచ్చింది. ఈసారి ఆయిల్ రకమే మారింది: మొబిల్ 1 సింథటిక్ ఎల్‌వీ ఏటీఎఫ్ హెచ్‌పీ, దాదాపు 20 క్వార్ట్‌లు, అంటే 19 లీటర్లు. వణుకుకి మందు ఆయిల్ మార్పిడేనని కంపెనీయే రాసిచ్చాక, మార్చనక్కర్లేదన్న వాదనకి బలమెక్కడిది?

కోర్టులో మాత్రం, కొన్నవాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ రాలేదనీ, వారంటీ మెటీరియల్, పనితనం లోపాలకే తప్ప డిజైన్‌కు వర్తించదనీ కంపెనీ వాదించింది.

నీటి బెడద కొత్తదేం కాదు. 1970ల్లో జనరల్ మోటార్స్ వారి డెక్స్‌రాన్ II-సి గేర్‌బాక్స్ ఆయిల్ రేడియేటర్‌లోని కూలర్ అతుకులను తినేసింది. దాన్ని ఆపడానికి తుప్పునిరోధకం కలిపి II-డి తెచ్చారు. ఆ రసాయనమే తేమను లాగడం మొదలుపెట్టింది. మార్చనక్కర్లేదన్న మాటా పాతదే: ఫోర్డ్ అంతకుముందే, 1967లో, ఎన్నడూ మార్చనక్కర్లేని ఆయిల్ అన్న ఆలోచనతో టైప్-ఎఫ్ అనే రకం తెచ్చింది.

ఇంట్లో ఆయిల్ మార్చుకునేవారు పొరపడేది ఒకచోట ఉంది. ఆయిల్ ప్యాన్ దించితే వచ్చేది సగం లోపే. మిగతాదంతా టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. కొత్త ఆయిల్ ఆ తడి ఆయిల్‌తో కలిస్తే వణుకు మళ్లీ రావచ్చు. అందుకే కూలర్ నుంచి తిరిగొచ్చే పైపు ఊడదీసి, గీతలున్న బకెట్‌లోకి రెండేసి క్వార్ట్‌లు వదిలి, ఇంజన్ ఆపి, అంతే కొత్త ఆయిల్ పోయాలి. రంగు తేటపడేదాకా ఇదే పని. ఇంజన్‌ను అలాగే నడవనిస్తే పంపు గాలి పీలుస్తుంది. పైపుల్లో థర్మల్ బైపాస్ వాల్వ్ ఉన్న బళ్లలో ఆయిల్ వేడెక్కకపోతే కూలర్ దాకా ధార రాదు. లైను మూసుకుపోయిందని కంగారుపడక్కర్లేదు. పైపు పట్టే తీగ క్లిప్ వంగితే మళ్లీ వాడొద్దు. ప్లాస్టిక్ మూత వెనక్కి జరిపి సన్న కొక్కెంతో క్లిప్ తీయాలి, పైపును మెలిపెట్టకూడదు. ప్యాన్‌లోని అయస్కాంతం మీద నూగులాంటి బూడిద రంగు ముద్ద మామూలే. చిన్న ఇనుప ముక్కలు కనిపిస్తే మాత్రం ఆయిల్ మార్చినా లాభం లేదు. ఆయిల్ పోసే ప్లగ్ వదులవుతుందో లేదో చూసుకున్నాకే పాత ఆయిల్ వదలాలి. డిప్‌స్టిక్ లేని బళ్లలో లెవెల్ చూడాలంటే బండి సమతలంగా నిలబెట్టి, ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ మాన్యువల్ చెప్పిన ఉష్ణోగ్రతకు వచ్చిందో లేదో స్కాన్ టూల్‌తో (బండి కంప్యూటర్ రీడింగులు చూపే పరికరంతో) చూసుకోవాలి. అప్పుడు లెవెల్ చూసే చెక్ ప్లగ్ తీస్తే అక్కడ ధార సన్నబడి చుక్కలైతే సరిపోయినట్టు. ఎక్కువైతే నురగ, తక్కువైతే గేర్లు జారతాయి.

కేసు కింది కోర్టుకు తిరిగి వెళ్లింది. ఆ బళ్లకు అయిదేళ్ల వారంటీ ఎప్పుడో తీరిపోయింది. టెక్సస్‌లోనో జార్జియాలోనో సెకండ్ హ్యాండ్ సిల్వరాడో చూస్తున్న మనవాళ్లు ముందు డీలర్ దగ్గర వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) ఇచ్చి 18-ఎన్ఏ-355 పని జరిగిందో లేదో అడగండి. జరగలేదంటే 20 క్వార్ట్‌ల ఖర్చు బేరంలో తగ్గించమనండి.