సగటు వెనకాల దాగిన ఇనుము

అనంతపురంలో ఏ ల్యాబులో సి.బి.సి. (రక్తకణాల లెక్క తీసే పరీక్ష) చేయించుకున్నా రిపోర్టులో ఎం.సి.హెచ్. అని ఒక వరుస ఉంటుంది. మామూలుగా 27 నుంచి 32 పికోగ్రాములు (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు). ఒక్కో ఎర్రకణంలో ఉన్న హిమోగ్లోబిన్, అంటే ఇనుము ఉండే ఎర్ర పదార్థం, బరువది. అలాగని ఏ కణాన్నీ విడిగా తూచరు. మొత్తం హిమోగ్లోబిన్‌ను కణాల సంఖ్యతో భాగిస్తారు, అంతే. సగటు సంగతి ఈ జిల్లా రైతుకు ఒకరు చెప్పాలా? ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన అని కాగితంలో ఉంటుంది, వేరుశనగ ఊడలు దిగే వేళకు చినుకుండదు.

రక్తంలోనూ ఇంతే. ఐరన్‌తో పాటు బి12 కూడా తగ్గిన మనిషిలో చిన్న కణాలూ పెద్ద కణాలూ కలిసి ఉంటాయి. సగటు మాత్రం బాగానే కనబడొచ్చు.

మరి ఇనుమును కణం కణానికీ విడిగా కొలవలేమా? 1867లో జర్మనీలో మాక్స్ పెర్ల్స్ కణజాలంలో ఇనుము నిల్వ ఉన్న చోటు నీలంగా మారే పరీక్ష చేశాడు. ఉందని తెలిసింది, ఎంతో తెలియలేదు. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ చెప్పిన అటామిక్ అబ్సార్ప్షన్‌తో (పరమాణువులు ఎంత వెలుగు మింగాయో కొలిచే పద్ధతి) లెక్క దొరికింది. కాకపోతే కణాలన్నీ కలిపి ఆసిడ్‌లో కరిగించాలి. మళ్లీ సగటే!

1980లో అమెరికాలోని ఏమ్స్ ల్యాబులో హౌక్, ఫాసెల్ బృందం ఆర్గాన్ ప్లాస్మాను (విపరీతంగా వేడెక్కించిన ఆర్గాన్ వాయువు) మాస్ స్పెక్ట్రోమీటర్‌కు, అంటే పరమాణువులను బరువును బట్టి వేరుచేసే యంత్రానికి, కలిపింది. అదే ఐ.సి.పి.-ఎం.ఎస్. మొదట్లో దానికీ కరిగించిన ద్రావణాలే పోశారు. 1994లో జపాన్ శాస్త్రవేత్తలు కణాలను ఒక్కొక్కటిగా ప్లాస్మాలోకి పంపి, అప్పుడు వెలువడే వెలుగును బట్టి కాల్షియం కొలిచారు. అలాగే ఒక్కో కణాన్నీ ఐ.సి.పి.-ఎం.ఎస్.లోకి పంపితే?

ఎర్రకణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు, ఒక్కోదానిలో నాలుగు ఇనుప పరమాణువులు. వంద కోట్లు దాటాయి కదా, బరువెంత? గ్రామును పది లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. వేల డిగ్రీల ప్లాస్మాలో కణం మిల్లీసెకను కూడా పట్టకుండా ఆవిరైపోతుంది. యంత్రం సెకనుకు వేలసార్లు చదివితేనే ఆ మెరుపు చిక్కేది. పైగా ఇనుముతోనే పెద్ద తంటా: యంత్రం చూసేది పరమాణు బరువు; ఆర్గాన్ 40, ఆక్సిజన్ 16 కలిస్తే 56, ఇనుమూ 56. ఆ దొంగ జంటను తప్పించడానికి అమ్మోనియా లాంటి వాయువును వదులుతారు. యంత్రంలోకి పంపడానికి మామూలు నీళ్లలో వేస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి, అదింకో టెన్షన్.

ఇనుముతో ఇంత తంటా ఉన్నా, కణాలను ఒక్కొక్కటిగా కొలిచే ఈ పద్ధతి క్యాన్సర్ పరిశోధనలో బాగా అక్కరకొచ్చింది. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందులోని ప్లాటినం ఏ కణంలోకి ఎంత దిగిందో తెలుస్తుంది, అది మన ఒంట్లో సహజంగా ఉండే లోహం కాదు కాబట్టి.

మన వీధి ల్యాబుకు ఇంత యంత్రం అక్కర్లేదు. రిపోర్టులో ఎం.సి.హెచ్. దగ్గర్లోనే ఆర్.డి.డబ్ల్యు. అని ఇంకో వరుస ఉంటుంది. కణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పేది అదే. అది ఎక్కువుంటే గాజు పలక మీద రక్తపు చుక్క పరిచి, మైక్రోస్కోపులో కంటితో చూస్తారు.