గాలిని నొక్కే ఖర్చు ఎవరిది? లారీ ఇంజన్‌లో టర్బో, సూపర్‌చార్జర్

ఇంజన్‌కు బలం ఇంధనం వల్లనే వస్తుందని చాలామంది అనుకుంటారు. ఇంధనాన్ని ఎక్కువగా పంపడం పెద్ద కష్టం కాదు. దాన్ని కాల్చడానికి సరిపడే గాలిని సిలిండర్‌లోకి చేర్చడమే కష్టం. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి, పొగ లేకుండా కాలాలంటే ఆచరణలో అంతకన్నా ఎక్కువే ఉండాలి. పికప్ పెరుగుతుందన్న ఆశతో ఫ్యూయల్ పంపు సెట్టింగు మార్చి డీజిల్ మాత్రమే పెంచిన లారీ వెనక నల్లటి పొగ వస్తుంది. డబ్బు పెట్టి కొన్న డీజిల్‌లో కొంత, గాలి చాలక, మసిగా బయటికి పోతోందన్నమాట. అందుచేత ఉన్న ఇంజన్‌కు అదనపు బలం కావాలంటే, మామూలుగా పిస్టన్ పీల్చుకునే దానికన్నా ఎక్కువ గాలిని బలవంతంగా లోపలికి నెట్టాలి. టర్బోచార్జర్ చేసేదీ, సూపర్‌చార్జర్ చేసేదీ ఈ పనే. తేడా అంతా, గాలిని నొక్కడానికి అవసరమయ్యే శక్తి ఎక్కడినుంచి వస్తుందన్న దగ్గరే ఉంది.

సూపర్‌చార్జర్‌ను ఇంజన్ క్రాంక్‌షాఫ్టే (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు) బెల్టుతోనో గేర్లతోనో తిప్పుతుంది. టర్బోచార్జర్‌లో ఒకే ఇరుసుకు రెండు చివర్లా రెండు చక్రాలుంటాయి. సైలెన్సర్ వైపు పోతున్న వేడి వాయువులు ఒక చక్రాన్ని (టర్బైన్) తిప్పితే, రెండో చక్రం (కంప్రెసర్) బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది కాబట్టి దాన్ని పలుచని ఆయిల్ పొర మీద తేలేటట్టు అమరుస్తారు. బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కివచ్చిన లారీని ఆపగానే ఇంజన్ కట్టేయకుండా, కాసేపు ఐడిల్‌లో ఉంచమని డ్రైవర్లకు చెప్పేది ఇందుకే: ఆయిల్ ప్రవాహం ఒక్కసారిగా ఆగిపోతే, కాలుతున్న ఇరుసు దగ్గర నిలిచిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది.

ఖర్చు ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. 6 లీటర్ల డీజిల్ ఇంజన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతోందనీ, లోపలికి వెళ్లే గాలి పీడనాన్ని వాతావరణ పీడనానికి రెట్టింపు చేశామనీ అనుకుందాం. నొక్కిన గాలి వేడెక్కుతుంది. 30 డిగ్రీల దగ్గర మొదలైన గాలి, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతమైతే, సుమారు 124 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలోనే ఉంచితే దాని సాంద్రత రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లు మాత్రమే అవుతుంది. ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది) గుండా పంపి 50 డిగ్రీలకు దించితే దాదాపు 1.9 రెట్లవుతుంది. ఇంటర్‌కూలర్ లేని టర్బో సగం పనే చేస్తుందనడం అతిశయోక్తి కాదు. ఇంత గాలిని నొక్కడానికి సుమారు 30 హార్స్‌పవర్ కావాలి, సామర్థ్యం తక్కువగా ఉండే పాతరకం బ్లోయర్ (రోటర్లతో గాలిని తోసే సూపర్‌చార్జర్)తోనైతే ఇంకొంచెం ఎక్కువే. ఆ ఇంజన్ మొత్తం ఇచ్చేది 240 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉంటుందనుకుంటే, అందులో ఎనిమిదో వంతును సూపర్‌చార్జర్ బెల్టే తినేస్తుంది. నూటికి నూరుపాళ్లు లోడుతో రోజంతా హైవే మీద నడిచే బండికి ఇది మైలేజీలో కనబడే నష్టం.

అదే శక్తిని టర్బో ఎగ్జాస్ట్ (ఇంజన్ వదిలే పొగ) నుంచి తీసుకుంటుంది. ఇంజన్‌లో కాలిన ఇంధనపు శక్తిలో సుమారు మూడో వంతు వేడి పొగగా బయటికి పోతుంది కాబట్టి అక్కడ వనరుకు కొరత లేదు. అయితే "టర్బో బలం ఉచితం" అనే మాట పూర్తిగా సరికాదు. టర్బైన్ చక్రం దారికి అడ్డంగా ఉంటుంది. దాన్ని దాటించడానికి పిస్టన్ వాయువులను కొంత ఎక్కువ ఒత్తిడితో నెట్టాలి, ఆ మేరకు ఇంజన్ చెల్లిస్తుంది. కానీ ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్న క్షణంలో ఎగదన్నే వాయువుల్లోని శక్తి టర్బో లేకపోతే ఎలాగూ వృథాయే కనుక, లెక్క టర్బోకే లాభం. స్వీడన్‌కు చెందిన స్కానియా 1991లో తన లారీ ఇంజన్‌కు టర్బో తర్వాత ఇంకో టర్బైన్ అమర్చి, దాని బలాన్ని గేర్ల ద్వారా క్రాంక్‌షాఫ్ట్‌కే చేర్చింది. టర్బో తన వాటా తీసుకున్న తర్వాత కూడా పొగలో పనికొచ్చే శక్తి మిగిలే ఉంటుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లోనే టర్బో ఆలోచనకు పేటెంట్ పొందాడు. ఎత్తయిన చోట్ల దాని విలువ 1918లో తేలింది. అమెరికాలో ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజన్‌ను ట్రక్కు మీద అమర్చి, సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరానికి తీసుకెళ్లి పరీక్షించాడు. సముద్రమట్టం దగ్గర 350 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజన్ అక్కడ 230కి పడిపోయింది, టర్బో తగిలించాక 356 ఇచ్చింది. గాలి పలుచనైనప్పుడు బెల్టుకు కట్టిన సూపర్‌చార్జర్ తన పాత నిష్పత్తిలోనే నొక్కుతుంది. టర్బో అలా కాదు: బయటి పీడనం తగ్గేకొద్దీ టర్బైన్‌కు రెండు వైపులా పీడనాల నిష్పత్తి పెరిగి, తనంత తాను వేగం పుంజుకొని, ఒక హద్దు వరకూ లోటును భర్తీ చేస్తుంది. వాతావరణ పీడనం సగానికి పడిపోయే లదాఖ్ కనుమల మీదుగా సరుకు చేరవేసే లారీలకు ఇది చిన్న సౌకర్యం కాదు. రోడ్డు మీది లారీలకు టర్బో అలవాటు కావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. వోల్వో 1954లో తన టైటాన్ లారీకి టర్బో అమర్చినప్పుడు అదే పరిమాణపు ఇంజన్ 150 హార్స్‌పవర్ నుంచి 185కు పెరిగింది.

మరి సూపర్‌చార్జర్‌కు చోటెక్కడ? దాని బలమంతా తక్షణ స్పందనలో ఉంది. ఇంజన్ తక్కువ చుట్ల మీద ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ పలుచగా వస్తుంది, టర్బో మెల్లగా తిరుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కిన తర్వాత అది వేగం అందుకునేదాకా బండి తడబడుతుంది. బెల్టుతో తిరిగేదానికి ఆ ఆలస్యం లేదు. ఇందులో బాగా వాడుకలో ఉన్నది రెండు రోటర్లు ఎదురెదురుగా తిరిగే రూట్స్ బ్లోయర్. దాన్ని 1860లో పేటెంట్ చేసిన అమెరికా సోదరులకు మోటారు వాహనాల ఊహే లేదు, అది లోహం కరిగించే కొలుములకు గాలి కొట్టడానికి పనికొచ్చింది. ఇప్పుడు అమెరికాలో పెట్రోల్ పికప్ ట్రక్కులకు బలం పెంచాలనుకునేవారు దీన్నీ దీని తర్వాతి రూపాలనూ ఇష్టపడతారు. వి8 ఇంజన్‌లో (నాలుగేసి సిలిండర్లు రెండు వరసలుగా ఉండేది) ఆ వరసల మధ్యనున్న పల్లంలో దాన్ని బిగించవచ్చు, ఎగ్జాస్ట్ గొట్టాలను ముట్టుకోనక్కరలేదు. కంపెనీలే అమర్చిన బళ్లూ ఉన్నాయి: 1999 ఫోర్డ్ లైట్నింగ్ 5.4 లీటర్ల ఇంజన్‌తో 360 హార్స్‌పవర్, 2021 రామ్ టీఆర్‌ఎక్స్ 6.2 లీటర్లతో 702. అదే ఫోర్డ్ 2011లో రెండు టర్బోల 3.5 లీటర్ల ఇంజన్‌తో 365 హార్స్‌పవర్ రాబట్టింది. పాత లైట్నింగ్ ఇంజన్‌లో మూడింట రెండు వంతుల పరిమాణంతో సాధించిన ఆ అంకె చూస్తే, పికప్‌లలో కూడా గాలి ఎటు వీచిందో అర్థమవుతుంది.

పెట్రోల్ ఇంజన్‌కు ఇంకో చిక్కుంది. నొక్కిన గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం వేడికి వేళకు ముందే అంటుకుంటే ఇంజన్ కొట్టుకుంటుంది, పిస్టన్లు పగులుతాయి. డీజిల్‌లో నొక్కేది వట్టి గాలినే కాబట్టి ఆ భయం లేదు. హద్దు పెట్టేవి సిలిండర్ పీడనమూ ఎగ్జాస్ట్ వేడీ. లారీలూ టర్బోలూ ఇంతగా కలిసిపోవడానికి ఇది సగం కారణం.

డీజిల్ లారీల్లో బ్లోయర్ దీర్ఘకాలం నిలిచిన చోటు ఒక్కటే, అది టూ స్ట్రోక్ (పిస్టన్ ఒక్కసారి పైకీ కిందికీ కదిలేసరికే ఒక విడత ఇంధనం కాల్చే ఇంజన్). 1938లో వచ్చిన డెట్రాయిట్ డీజిల్ 71 శ్రేణి ఇంజన్‌కు పక్కన రూట్స్ బ్లోయర్ ఉండేది. సిలిండర్‌లోని పొగను ఊడ్చి తాజా గాలి నింపడమే దాని పని, అది లేకుండా ఆ ఇంజన్ అసలు నడవదు. తర్వాతి కాలంలో అదే ఇంజన్లకు టర్బో కూడా తోడైంది.

మన దగ్గర పాత లారీకి ఈ రెంటిలో ఏదైనా అమర్చాలనుకునేవారు ముందు చూడవలసింది గాలి వైపు కాదు. హెడ్ గ్యాస్కెట్, పిస్టన్లు, రేడియేటర్, క్లచ్, గేర్‌బాక్స్ ఆ అదనపు బలాన్ని మోయగలవా అన్నది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలను ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు కూడా. నా అంచనాలో బండిని మార్చే ఖర్చుకన్నా సరైన టర్బో ఇంజన్ ఉన్న బండికి మారే ఖర్చే చాలాసార్లు తేలికవుతుంది.

టర్బో తడబాటుకు మందు కూడా చాలావరకు దొరికింది. టర్బైన్ చుట్టూ కదిలే రేకులు అమర్చి, తక్కువ చుట్ల దగ్గర దారిని ఇరుకు చేసి వాయువుల వేగం పెంచుతారు. ఆడి 2016లో ఎస్‌క్యూ7 అనే డీజిల్ కారులో రెండు టర్బోలకు తోడుగా 48 వోల్టుల కరెంటుతో తిరిగే కంప్రెసర్‌ను పెట్టింది; అది పావు సెకనులోనే నిమిషానికి 70,000 చుట్లకు చేరుకుంటుంది, టర్బో అందుకోగానే పక్కకు తప్పుకుంటుంది. గంటలకొద్దీ ఒకే వేగంతో సాగే హైవే లారీకి దీనివల్ల పెద్దగా ఒరిగేది లేదు. అడుగడుగునా ఆగి కదిలే సిటీ బస్సుకూ, చెత్త సేకరించే లారీకీ మాత్రం ఇది బాగా పనికొస్తుంది.