దమ్ముకు పంపు పీల్చే పెద్దల గురించి

మిర్యాలగూడ

చిన్నూకు, అమ్ములుకు తాత ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో నేను పంపు, అంటే ఇన్‌హేలర్, పీల్చుతుంటే చూసి, తాతకు ఏమైందని నానమ్మను చాటుగా అడిగారట. నన్నే అడగాల్సింది. నాకు ఉబ్బసం. మన దిక్కు దమ్ము అంటారు, డాక్టర్లు ఆస్తమా అంటారు. చిన్నప్పుడు లేదు, నలభై దాటాక మొదలైంది. అట్లా కూడా వస్తుంది.

ఇదేమీ అరుదైన జబ్బు కాదు. 2019 లెక్కల ప్రకారం ప్రపంచంలో 26 కోట్ల మందికి ఉంటే, అందులో దాదాపు 3 కోట్ల 40 లక్షల మంది మన దేశంలోనే ఉన్నారు. ఆస్తమా చావుల్లో మాత్రం 40 శాతానికి పైగా మనవే. మందు అందనివాళ్ళు కొందరు, దమ్ము తగ్గగానే మానేసేవాళ్ళు ఇంకొందరు. నలుగురిలో పంపు తీయడానికి సిగ్గుపడేవాళ్ళూ ఉన్నారు. మన వీధి కిరాణా ఆయన గల్లాపెట్టె కింద దాస్తాడు. బిడ్డకు సంబంధాలు చూస్తున్నాడు కదా, అదీ ఆయన భయం.

నేను గుమస్తాగా చేసిన రైస్ మిల్లులో సీజన్ వచ్చిందంటే ధాన్యం లారీలు వరుస కట్టేవి. బస్తా విప్పితే లేచే దుమ్ము, పైనుంచి రాలే తవుడు మెడ మీద చెమటకు అంటుకుని గరగరలాడేవి. పొద్దుగూకేసరికి నాకు, ఇద్దరు ముగ్గురు హమాలీలకు ఛాతీలో పిల్లికూతలు. మిల్లు బంద్ ఉన్న రోజు హాయిగా ఉండేది. డాక్టర్ గారు అన్నిటికంటే ముందు అదే అడిగారు, "సెలవు రోజు ఎట్లుంటది?" అని. పనిచేసే చోటే కారణమని దాంతో తేలింది. అందరికీ అదే కారణం కాదు. ఒకరికి కట్టెల పొయ్యి పొగ, ఒకరికి వరి కొయ్యకాళ్ళు కాల్చిన పొగ, ఇంకొకరికి వయ్యారిభామ పుప్పొడి పడదు.

ఊపిరితిత్తుల్లోకి గాలి పోయే గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. పడనిది తగిలితే చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి, కఫం చేరుతుంది, ఇరుకు దారిలో గాలి కూత పెడుతుంది. దమ్ము లేని రోజున కూడా ఆ వాపు లోపల ఉండొచ్చు. అందుకే నాకు రెండు పంపులు. నీలం రంగుది సాల్బుటమాల్, నిమిషాల్లో గొట్టాలు తెరుస్తుంది కానీ వాపును తగ్గించదు. రెండోదాంట్లో తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఉంటుంది, బాగున్నా రోజూ పీల్చాలి. పెద్దవాళ్ళు ఒక్క నీలం పంపు మీదే బతకొద్దని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. స్టెరాయిడ్ అనగానే జనం హడలిపోతారు గానీ, ఇది నేరుగా గొట్టాల్లోకి పోతుంది కాబట్టి కొంచెమే సరిపోతుంది. పీల్చాక నోరు పుక్కిలించాలి, లేదంటే నాలుక మీద తెల్లగా పూస్తుంది.

పీల్చడంలోనే చాలామంది తప్పుతారు. పంపును బాగా ఊపి, ఊపిరంతా వదిలి, నొక్కుతూ నెమ్మదిగా లోపలికి లాగి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. గోళీ పెట్టి పీల్చే పొడి మందుకు మాత్రం గట్టిగా, వేగంగా లాగాలి.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో కొర్రమీను పిల్ల నోట్లో ముద్ద పెట్టి మింగిస్తారు కదా, దానికి మన ఊరి నుంచి కూడా పోతారు. అది నయం చేస్తుందని వైద్యపరంగా రుజువు కాలేదు. పోయేవాళ్ళతో నేను కొట్లాడను, పంపు మానొద్దని మాత్రం చెప్తాను.

మీరు ఉన్నప్పుడు నాకు గట్టిగా దమ్ము వస్తే పడుకోబెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి, నీలం పంపు చేతికివ్వండి. కొన్ని నిమిషాల్లో తేలిక పడకపోయినా, మాట పూర్తిగా పలకలేకపోయినా, పెదవులు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పంపు దేవుడి అర పక్కన, కళ్ళజోడు డబ్బా వెనకాల ఉంటుంది.

మీ తాత