మోషే తన చావును తానే రాశాడా?

యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తోరా, అంటే బైబిల్లోని మొదటి ఐదు కాండాల చివర్లో ఓ చిక్కు ఉంది. ద్వితీయోపదేశకాండం 34వ అధ్యాయంలో మోషే చనిపోతాడు, జనం ఆయన కోసం 30 రోజులు ఏడుస్తారు. ఐదు కాండాలూ రాసింది మోషేనే అని సంప్రదాయం. మరి ఈ భాగం ఎవరు రాసినట్టు? ఈ ప్రశ్న మొదట వేసింది ప్రొఫెసర్లు కాదు, తాల్ముద్ (యూదు మతాచార్యుల చర్చల సంకలనం) నాటి రబ్బీలే, అంటే ఆ మతాచార్యులే. చివరి 8 వచనాలు మోషే వారసుడు యెహోషువవి అన్నారు ఒకరు. కాదు, దేవుడు చెబుతుంటే మోషేనే ఏడుస్తూ రాశాడన్నారు మరొకరు. తాల్ముద్ రెండు మాటలనూ పక్కపక్కనే ఉంచింది.

12వ శతాబ్దంలో స్పెయిన్ పండితుడు ఇబ్న్ ఎజ్రాకు ఇంకో సందేహం వచ్చింది. మోషే యొర్దాను నది దాటనేలేదు. కానీ హీబ్రూలో ద్వితీయోపదేశకాండం మొదటి వాక్యమే ఆయన ‘యొర్దానుకు అవతల’ మాట్లాడాడంటుంది. అంటే రాసినవాడు ఏ ఒడ్డున ఉన్నట్టు? ఇబ్న్ ఎజ్రా దీన్ని పొడుపుకథలా వదిలేశాడు. 1670లో పేరు లేకుండా వచ్చిన పుస్తకంలో తత్వవేత్త స్పినోజా దాన్ని విప్పి, ఈ కాండాలు మోషే తర్వాత ఎన్నో శతాబ్దాలకు వచ్చిన బైబిల్ శాస్త్రి ఎజ్రా కూర్చినవై ఉండాలన్నాడు. అప్పటికే, 1656లోనే, ఆమ్‌స్టర్‌డామ్ యూదులు ఆయన్ని వెలివేశారు.

1753లో ఫ్రెంచి వైద్యుడు అస్త్రూక్ ఆదికాండంలో దేవుడి పేర్లు మారడం పట్టుకున్నాడు. తెలుగు బైబిల్లోనూ చూడొచ్చు: మొదటి అధ్యాయంలో ‘దేవుడు’, రెండో అధ్యాయంలో కాసేపటికే ‘దేవుడైన యెహోవా’. మోషే పాత పత్రాలను జతచేశాడని చెప్పి, ఆయన కర్తృత్వాన్ని కాపాడాలనే అస్త్రూక్ ఉద్దేశం. జరిగింది వేరు.

1878లో జర్మన్ పండితుడు వెల్‌హాసెన్ ఆ దారాలన్నిటినీ నాలుగు మూలాలుగా పేని, వాటికి కాలక్రమం కట్టాడు. యాజకుల ధర్మశాస్త్రం అన్నిటికంటే చివరిదనీ, బబులోను చెర (యూదులను బబులోనుకు బందీలుగా తీసుకెళ్లిన కాలం) తర్వాతిదనీ అన్నాడు. అసలు టెన్షన్ తేదీల దగ్గర కాదు, వాటి వెనకున్న తీర్పు దగ్గర: ప్రవక్తల కాలంలో సజీవంగా ఉన్న మతం, ధర్మశాస్త్రం వచ్చాక బిగుసుకుపోయిందట! ధర్మశాస్త్రమే ఊపిరిగా బతికే యూదులకు ఇది ఎలా వినిపించి ఉంటుంది? 1903లో న్యూయార్క్‌లో యూదు పండితుడు సోలమన్ షెక్టర్ ఈ విమర్శను ‘ఉన్నత స్థాయి యూదు ద్వేషం’ అన్నాడు. మాట ఘాటుగా ఉన్నా, అకారణం కాదు.

తర్వాత యూదు పండితులు జవాబును అకడమిక్ భాషలోనే ఇచ్చారు. జెరూసలేం హీబ్రూ యూనివర్సిటీలో కాసూతో నాలుగు మూలాల సిద్ధాంతాన్నే తోసిపుచ్చాడు. కౌఫ్‌మన్ మూలాలను ఒప్పుకున్నాడు గానీ, యాజకుల భాగం చెరకు ముందుదేనని వాదించాడు.

సమాజం లోపల మాత్రం గొడవ చల్లారలేదు. తోరాలో మనుషుల చెయ్యి కూడా ఉందని 1957లో రాసినందుకు లండన్ రబ్బీ లూయిస్ జేకబ్స్‌కు ముందు రబ్బీలను తయారుచేసే కాలేజీలో ప్రిన్సిపల్ పదవి దక్కలేదు, 1964లో ఆయన పాత సినగాగ్‌కూ (యూదుల ప్రార్థనా మందిరం) రబ్బీగా తిరిగి రానివ్వలేదు. ఆయన్ని అభిమానించేవాళ్లు వేరే సినగాగ్ పెట్టుకున్నారు. 2005లో ఓ యూదు వార్తాపత్రిక పాఠకులు బ్రిటన్ యూదులందరిలోకీ గొప్పవాడిగా జేకబ్స్‌నే ఎన్నుకున్నారు.