జింకతోక టోపీలు, గవర్నర్ కుర్చీ

1820లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర గవర్నర్ ఎన్నికలో ఒకరిమీద ఒకరు పోటీపడిన డెవిట్ క్లింటన్, డేనియల్ టాంప్కిన్స్ ఒకే పార్టీ మనుషులు. పేరుకు ఇద్దరూ మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ పార్టీ అయిన రిపబ్లికన్లే (నేటి రిపబ్లికన్ పార్టీ వేరు, అది చాలా తర్వాత పుట్టింది). క్లింటన్ అంటే గిట్టనివాళ్లు టోపీకి జింకతోక తగిలించుకుని తిరిగేవాళ్లు. అందుకే వాళ్లకు 'బక్‌టెయిల్స్' అని పేరు పడింది. ఎదుటి పార్టీ ఫెడరలిస్టులు అప్పటికే చతికిలబడ్డారు. బయట శత్రువు లేకపోయేసరికి ఇంట్లోనే వర్గాలు తయారయ్యాయి.

ఇంతకీ కొట్లాట దేనికి? ఎక్కువగా ఉద్యోగాలకే. 1777 నాటి న్యూయార్క్ రాష్ట్ర రాజ్యాంగం 'నియామక మండలి' అని ఒకటి పెట్టింది. గవర్నరు, నలుగురు సెనేటర్లు, మొత్తం ఐదుగురు. జడ్జీలు, షెరిఫ్‌లు (జిల్లా పోలీసు అధికారులు), మిలీషియా (పౌర సైన్యం) అధికారులు అందరినీ వేసేది వీళ్లే. 1821 నాటికి అలాంటి పోస్టులు దాదాపు 15 వేలు. న్యూయార్క్ నగర మేయర్‌ని కూడా జనం ఎన్నుకునేవారు కాదు, ఈ మండలే నియమించేది. గవర్నర్‌కు ఓటు వేయాలన్నా 100 పౌండ్ల విలువైన సొంత భూమి ఉండాలి.

ఈ మండలిని ఆయుధంగా వాడటంలో ఆరితేరినవాడు క్లింటనే. 1801లో అందులో సభ్యుడిగా ఉండి ఫెడరలిస్టులను వరసపెట్టి ఇంటికి పంపాడు. అదే ఏడాది బాబాయి జార్జ్ క్లింటన్ గవర్నర్ అయ్యాడు. తర్వాత అదే కత్తి తన మెడమీదికీ వచ్చింది. మండలిలో బలాబలాలు మారినప్పుడల్లా అతని మేయర్ పదవి ఊడుతూ, మళ్లీ వస్తూ ఉండేది: 1807లో పోయింది, 1808లో వచ్చింది, 1810లో పోయింది, 1811లో వచ్చింది, 1815లో పూర్తిగా పోయింది.

1817లో అప్పటి గవర్నర్ టాంప్కిన్స్ దేశ ఉపాధ్యక్షుడై వెళ్లడంతో క్లింటన్‌కు గవర్నర్ కుర్చీ దాదాపు ఏకగ్రీవంగా దక్కింది. ఆ జూలైలోనే, అతను పట్టుబట్టి సాధించిన ఈరీ కాలువ (ఈరీ సరస్సును హడ్సన్ నదితో కలిపేది) తవ్వకం మొదలైంది. గిట్టనివాళ్లు దాన్ని 'క్లింటన్ గుంట' అని వెక్కిరించారు. 1820లో అతన్ని ఓడించడానికి బక్‌టెయిల్స్ ఏకంగా ఉపాధ్యక్షుణ్ణే పోటీకి దింపారు. టాంప్కిన్స్ మంచి పేరున్నవాడే. కానీ గవర్నర్‌గా ఉన్నప్పుడు బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధకాలపు ఖాతాలు తేలక అప్పటికే చిక్కుల్లో ఉన్నాడు. క్లింటన్ 1,500 లోపు ఓట్ల తేడాతో గట్టెక్కాడు.

గెలిచినా చేతికి పగ్గాలు రాలేదు. బక్‌టెయిల్స్ నాయకుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ వర్గం 1821లో రాజ్యాంగాన్నే తిరగరాయించింది. నియామక మండలి రద్దయింది, గవర్నర్ పదవీకాలం మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. తెల్లవాళ్లకు ఆస్తి షరతు దాదాపు ఎత్తేశారు. నల్లవాళ్లకు మాత్రం 250 డాలర్ల ఆస్తి ఉంటేనే ఓటు అన్నారు. ఆ ఓట్లు ఎక్కువగా తమకు వ్యతిరేకంగా పడేవని బక్‌టెయిల్స్‌కు బాగా తెలుసు. 1822లో క్లింటన్ అసలు పోటీయే చెయ్యలేదు.

అక్కడితో ఊరుకుంటే అతని కథ ముగిసేదే. కానీ 1824 ఏప్రిల్‌లో, జీతం కూడా లేని కాలువ కమిషనర్ పదవి నుంచి సైతం అతన్ని తీసేశారు. ఆ చిల్లరపని జనానికి ఒళ్లు మండించింది. నవంబర్‌లో 16 వేల పైచిలుకు మెజారిటీతో అతన్నే మళ్లీ గవర్నర్‌ని చేశారు. మరుసటి ఏడు నవంబర్ 4న, ఈరీ సరస్సు నుంచి పీపాలో తెచ్చిన నీళ్లను న్యూయార్క్ రేవులో సముద్రంలో ఒంపింది ఆ క్లింటనే.